గుమ్మడాకు మైళ్ళు

ఆ రోజుల్లో ఉద్యోగాలు రెండే రకాలు. కుర్చీలో కూర్చుని చేసేవి, కాళ్ళమీద నిలబడి చేసేవి. మొదటి రకానికి పరీక్షలు ప్యాసవ్వాలి. నేను స్కూలు ఫైనలు రెండుసార్లు రాసి, రెండుసార్లూ లెక్కల దగ్గరే బోర్లా పడ్డాను కాబట్టి రెండో రకానికి తప్ప పనికిరానని మా నాన్న తేల్చేశాడు. అంతకుముందు మూడు పనుల్లో కుదిరి, మూడింటినీ మూడేసి నెలలు తిరక్కుండానే వదిలేసి వచ్చిన ఘనత కూడా నాకుంది. అందుచేత ఏజెన్సీ కొండల్లో మశూచి టీకాలు వేసే పని దొరికినప్పుడు మా నాన్న నన్ను సాగనంపుతూ ఆశీర్వచనం లాంటిదేమీ పలకలేదు. "ఒరే, ఈసారి తిరిగొచ్చీసేవంటే మనింటి అరుగు మీద కూడా నీకు సోటు నేదు" అన్నాడు. మా అమ్మ మాత్రం తలుపు వెనక నుంచి "బేగి ఉత్తరం రాయి నాయినా" అంది. ఆరు నెలలు పని చూసి, ఆ తర్వాత ఇనస్పెక్టరు వచ్చి 'ఇతను పనికొస్తాడు' అని ఒక కాగితం మీద రాస్తేనే ఉద్యోగం ఖాయం. రాయకపోతే ఏమవుతుందో మా నాన్న ముందే చెప్పేశాడు.

నా కాళ్ళ మీద నాకు అప్పట్లో చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. చెడుగుడులో కూతకు వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రోజే లేదని నలుగురికీ నేనే చెప్పుకునేవాణ్ణి. (అవతలి జట్టు వాళ్ళు నాకంటే నాలుగేళ్ళు చిన్నవాళ్ళన్న సంగతి చెప్పేవాణ్ణి కాదు.) హుకుంపేటలో నాకు దారి చూపించటానికీ, టీకాల పెట్టె మోయటానికీ ఊరి బారికి ఒకాయన్ని అప్పగించారు. బారికి అంటే సర్కారు మనిషి ఎవరొచ్చినా ఎదురువెళ్ళి, ఊళ్ళోకి కబురు మోసే మనిషి. అరవై దాటినవాడు, చెప్పుల్లేని కాళ్ళు, చేతిలో వెదురు కర్ర. నేను ఆయన్ని 'తాతా' అనేవాణ్ణి. ఆయన నన్ను 'బాబూ' అనేవాడు గానీ, ఆ పిలుపులో గౌరవం కంటే జాలే ఎక్కువ ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

మూడో రోజున ఒక గెడ్డ దాటవలసి వచ్చింది. తాత నా పెట్టె నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో దిగి, కర్రతో అడుగు తడుముకుంటూ నెమ్మదిగా నడుస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. "తాతా, నువ్వలా నానుతూ రా. నేను రాళ్ళమీంచి గెంతుకుంటూ అవతలికి వెళ్ళి నీకోసం కూర్చుంటాను" అన్నాను. "ఆ నల్లరాయి మీద నాసుంది బాబూ" అన్నాడు తాత. నాచు ముసలివాళ్ళకి గానీ నాకెందుకనుకుని గెంతాను. ఆ రాయికి నా వయసు తెలియలేదు. తాత పెట్టె అవతల దింపి, మళ్ళీ వచ్చి, నన్ను కూడా పెట్టెలాగే మోసుకువెళ్ళి గట్టున పెట్టాడు. ఎడమకాలి చీలమండ మధ్యాహ్నానికి మారేడుకాయంత అయింది. చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేసి, గుడ్డతో బిగించి కట్టాడు. "నాల్రోజులు కాలు కదపకండి బాబూ" అన్నాడు. నేను రెండో రోజునే లేచాను. ఆరు నెలల్లో నాలుగు రోజులు పోతే కాగితం పోతుందని నా భయం.

దాని ఫలితం ఏమిటంటే, ఆ చీలమండ మడత పడటం అలవాటు చేసుకుంది. పది రోజులకి అల్లంతోట గట్టు మీద ఒకసారి, నెలకి చోడిచేలో ఎండిన గుంట మీద ఒకసారి, ఆ తర్వాత ఏమీ లేని చదునునేల మీద, ఒక ముసలామెకు నమస్కారం పెడుతూ ఒకసారి. ఆ కాలిని కాపాడుకోవటానికి మడమ మీద బరువు వేసి నడవటం మొదలెట్టాను. అప్పుడు మడమకు శూల పట్టుకుంది. మడమశూల ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా తెలియదు. పొద్దున్నే లేచి మొదటి అడుగు వేస్తే మడమలోకి మేకు దిగినట్టుంటుంది. వంద అడుగులు వేస్తే తగ్గుతుంది. మళ్ళీ కాసేపు కూర్చుని లేస్తే మేకు మళ్ళీ హాజరు. అంటే చీలమండేమో కూర్చోమంటుంది, మడమేమో కూర్చుంటే చంపుతానంటుంది. ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళలా రెండూ నా ఒక్క కాలిలో కాపురం పెట్టాయి. మా ఊళ్ళో అయితే కాల్చిన ఇటిక మీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనిస్తారు. ఆ కొండల్లో ఇటికెక్కడిది. పొయ్యిరాయి వేడిచేసి దానిమీదే కాపడం పెట్టుకునేవాణ్ణి. మేం బస చేసిన పాకలో అందరికంటే ముందు లేచి, పాక వెనక చీకట్లో గోడ పట్టుకుని నా వంద అడుగులూ వేసేసి, ఏమీ ఎరగనట్టు ముందుకి వచ్చి "ఏం తాతా, ఇంకా లేవలేదా" అనేవాణ్ణి. నా కాలి సంగతి ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఇనస్పెక్టరు 'నడవలేడు' అని రాస్తాడు. నడవలేని టీకాలవాణ్ణి ఎవరుంచుకుంటారు?

ఆ కొండల్లో దూరం మైళ్ళలో చెప్పరు. ఆకుల్లో చెబుతారు. బయల్దేరేటప్పుడు ఒక ఆకో కొమ్మో తుంచి చేత్తో పట్టుకుంటారు. అది ఎక్కడ వాడిపోతే అక్కడికి ఒక ఆకు కోసు. వాడిన చోట కూర్చుని, చుట్ట కాల్చుకుని, లేచేటప్పుడు మళ్ళీ కొత్త ఆకు తుంచుతారు. "ఆ ఊరెంత దూరం" అంటే "మూడాకులు బాబూ" అంటారు. నాకంటే ముందు ఆ పని చేసినవాడు వదిలివెళ్ళిన పుస్తకంలో మొదటి పేజీ మీదే 'ఒక ఆకు కోసు అనగా రెండు మైళ్ళు' అని రాసి ఉంది. నాకు అంతకంటే ఏం కావాలి? తాత ఆకు తుంచి చేత్తో పట్టుకునేవాడు. కాస్త దూరం వెళ్ళేసరికి, సరిగ్గా నా కాలు ఇక చాలనే వేళకి, "ఆకు వాడిపోనాది బాబూ, కూకోండి" అనేవాడు. నేను కూర్చుని డైరీ తీసి గీత పెట్టుకునేవాణ్ణి. సాయంత్రానికి ఎనిమిది గీతలయ్యేవి. ఎనిమిది రెళ్ళు పదహారు. జన్మలో నేను తప్పులేకుండా చేసిన లెక్క అదే. రోజుకి పదహారు మైళ్ళు, అదీ కొండల్లో, అదీ కుంటికాలితో. నామీద నాకే గౌరవం పెరిగిపోయింది. మా అమ్మకి 'రోజుకు పదహారు మైళ్ళు నడుచుచున్నాను, ఆరోగ్యము బాగున్నది' అని ఉత్తరం రాశాను. ఆవిడ పక్కింటివాళ్ళ చేత జవాబు రాయించింది: 'అన్ని మైళ్ళు వద్దు నాయనా, సగం నడువుము.'

పని మాత్రం బాగా జరిగింది. అది నిజం. మన్యంలో సర్కారు మీద లేచిన పితూరీ అణిగి రెండు మూడేళ్ళయినా ఆ ఊళ్ళల్లో ఖాకీ కోటు కనబడితే చాలు, జనం పిల్లల్ని చంకన వేసుకుని అడవిలోకి జొరబడేవారని నాకు ముందే చెప్పారు. పాత టీకాలవాడు ఊళ్ళోకి వెళితే కోళ్ళు తప్ప ఎదురొచ్చేవి కావట. నా విషయంలో అలా జరగలేదు. నేను వెళ్ళేసరికి జనం ఇళ్ళముందే ఉండేవారు. ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ, నోట్లో అడ్డపొగ చుట్ట తీయకుండానే, "ఏటీ, ఆ కాలికేటైనాది, ఇలా సాపండి" అని, ముల్లు గుచ్చుకుందన్నా వినకుండా నా కాలు ఒళ్ళో పెట్టుకుని ఏదో పసరు నూరి రాసింది. పసరు ఆరేదాకా ఊరంతా చుట్టూ చేరి కాలు చూస్తూ నిలబడ్డారు. ఊరికే నిలబడ్డారు కదా అని ఒక్కొక్క పిల్లని పిలిచి జబ్బమీద గాట్లు పెట్టేశాను. గంటలో పదిహేడుమంది. ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే వరస. ఇదంతా నా ముఖవర్చస్సు వల్లా, మాటతీరు వల్లా జరుగుతోందని నేను నిర్ధారించుకున్నాను. ఇరవై ఏళ్ళ వయసులో మనిషికి ఇంకే కారణం తోస్తుంది?

ఆరో నెలలో ఇనస్పెక్టరుగారు వచ్చారు. ఆయనకి మా వాళ్ళంతా పెట్టుకున్న పేరు బూట్లాయన. ఆరడుగుల మనిషి, మోకాళ్ళదాకా పట్టీలు, కింద మేకులు కొట్టిన బూట్లు, నడిస్తే రాళ్ళు పక్కకి తప్పుకునేవి. నా డైరీ ఆ చివరనుంచి ఈ చివరదాకా తిరగేశాడు. "ఏమోయ్, రోజుకి పదహారు మైళ్ళా?" అన్నాడు. "అవునండి." "ఈ లెక్కన నువ్వు ఈపాటికి జయపురం దాటి ఎటో వెళ్ళిపోయి ఉండాలే." నేను వినయంగా తల వంచుకున్నాను, పొగడ్త అనుకుని. "రేపు నీతో నేనూ వస్తాను. నీ నడక చూడాలి" అన్నాడు. ఆయన జేబులో ఒక గడియారంలాంటిది ఉంది. అది టైము చూపించదు. అడుగు వేసినప్పుడల్లా ముల్లు జరిగి, ఎంత దూరం నడిచామో చూపిస్తుందిట. ఆ రాత్రి నేను కాలికి రెండుసార్లు కాపడం పెట్టుకున్నాను.

పొద్దున్నే బయల్దేరాం. దారికి రెండు వైపులా వలిసె చేలు పూసి కొండంతా పసుపుపచ్చగా ఉంది. చూసే స్థితిలో నేను లేను. ముందు బూట్లాయన, వెనక నేను, నా వెనక పెట్టెతో తాత, చేతిలో ఆకు. బూట్లాయన ఆగడు. ఆగితే గదా నేను ఆగేది. ఒక మెట్ట ఎక్కాం, దిగాం. ఇంకొక మెట్ట ఎక్కాం. రోజూ ఈపాటికి మూడు ఆకులు వాడాలి. ఈ రోజు ఒక్కటీ వాడలేదు. నా జన్మలో ఒక ఆకు ఎప్పుడు వాడుతుందా అని అంత ఆశగా ఎదురుచూసింది అదే మొదలు. చివరికి ఉండబట్టలేక వెనక్కి తిరిగి, "తాతా, ఆ ఆకు వాడిందేమో చూడు" అన్నాను మెల్లగా.

"ఇది వాడదు బాబూ. అడ్డాకు. రేపు ఇస్తరి కుట్టుకున్నా పచ్చగానే ఉంతాది."

"మరి రోజూ నాకు కోసేది?"

"అది గుమ్మడాకు బాబూ."

నేను నిలబడిపోయాను. మాది రైతు కుటుంబం. మా పెరట్లో గుమ్మడిపాదు లేని ఏడు లేదు. గుమ్మడాకు తుంచితే ఇంట్లోకి తెచ్చేలోపల తల వేలాడేస్తుందని మా ఇంట్లో ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ఐదు నెలలపాటు నేను ఆకు వంక చూడనేలేదు, డైరీ వంకే చూశాను. "గుమ్మడాకెందుకు తాతా?" అన్నాను.

"కాలు నొప్పిగుంది కూకోండి బాబూ అంటే తవరు కూకోరు గదా. ఆకు వాడిపోనాదంటే కూకుంతారు. గుమ్మడాకు దొరక్కపోతే ఏదో ఒక లేతాకు కోసీవోణ్ణి" అన్నాడు తాత, అదేదో సామాన్యమైన విషయంలాగ. "పొద్దున్నే పాక ఎనకాల తవరు గోడట్టుకుని నడవడం నాను రోజూ సూస్తన్నాను."

అప్పుడు నాకు సిగ్గు వేసింది. ఏడుపు కూడా వచ్చింది. నా గౌరవాన్ని నాకంటే జాగ్రత్తగా కాపాడిన మనిషి నా పెట్టె మోస్తూ నా వెనక నడుస్తున్నాడు. ఆయన ముందర నేను అయిదు నెలలుగా పెద్ద నడకగాడి వేషం వేస్తున్నాను.

ఊరి పొలిమేరలో బూట్లాయన ఆగి జేబులోంచి ఆ యంత్రం తీశాడు. "ఆరు మైళ్ళ చిల్లర. ఈ దారే నువ్వు డైరీలో పదహారని రాశావు. ఏది నిజం?" అన్నాడు. నిజం చెబితే నడవలేనివాణ్ణి, చెప్పకపోతే అబద్ధాలవాణ్ణి. ఏ రకంగా చూసినా మా అరుగే కళ్ళముందు కనబడింది, దానిమీద కూడా చోటు లేకుండా.

తాత పెట్టె కిందకి దింపాడు. "రెండూ నిజవే బాబూ. తవరికి ఆరు. ఈ బాబుకి పదారు" అన్నాడు.

బూట్లాయన తాత వంక చూశాడు, తాత చేతిలో అడ్డాకు వంక చూశాడు, తర్వాత నా కాలి వంక చూశాడు. "కట్టు విప్పు" అన్నాడు. విప్పాను. చీలమండ ఎక్కడ అయిపోయి పాదం ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంది. "ఎన్నాళ్ళనుంచి?" "ఐదు నెలలండి." "ఎందుకు చెప్పలేదు?" "చెబితే ఇంటికి పంపేస్తారని." ఆయన నాకంటే ముందే ఊళ్ళోకి వెళ్ళి, నేను కుంటుకుంటూ చేరి, ఆయన్ని చూసి నక్కిన పిల్లల్ని పిలిచేదాకా ఆగి, ఒక్కొక్కరి జబ్బ పట్టుకుని గాట్లు లెక్కపెట్టాడు. ఒక్క చెయ్యి కూడా ఖాళీ లేదు. సాయంత్రం రాసిచ్చిన కాగితంలో మూడు వాక్యాలున్నాయి. అవి ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: 'ఇతడు పనికివచ్చును. పాదము బాగుచేయించవలెను. ఇతడు రాసిన మైళ్ళు నమ్మరాదు.'

సర్కారు ఉత్తర్వు కాబట్టి నన్ను కిందికి దింపి ఆస్పత్రిలో నెలరోజులు మంచం మీద పడుకోబెట్టారు. చెక్కలు కట్టారు, తైలాలు రుద్దారు, వేళ్ళతో నేలమీది గుడ్డని లాగే కసరత్తులు చేయించారు, మడమ కింద మెత్త పెట్టి తోలు చెప్పులు కుట్టించారు. బొత్తిగా నయమైపోయింది. కొండెక్కి తిరిగి వచ్చిన రోజున నా నడక చూస్తే బూట్లాయనే పక్కకి తప్పుకునేవాడు. తాత వెనక దాదాపు పరుగెత్తుతూ వస్తున్నాడు. ఆకు తుంచమంటే ఇక అక్కర్లేదన్నాను. మొదటి ఊరికి ఎండెక్కకముందే చేరాం. ఊళ్ళో పొయ్యిమీద చోడి అంబలి ఉడుకుతోంది. ఒక కోడి ఎదురొచ్చింది. మనిషి లేడు. రెండో ఊళ్ళోనూ అంతే. అక్కడ నాకు పసరు రాసిన ముసలమ్మ పరుగెత్తలేక గుమ్మంలో కూర్చుని ఉంది. "అందరూ ఎక్కడికి పోయారు మామ్మా?" అన్నాను. ఆవిడ నన్ను కిందనుంచి పైకి చూసి, "ఎవులో కొత్త దొర బేగి బేగి వొచ్చేస్తన్నాడని అడివిలోకి పోనారు బాబూ. మా కుంటి బాబేడీ? ఆ బాబయితే కొండమీంచి దిగుతుంటేనే పిల్లలు గుర్తట్టీసీవోరు" అంది. (ముఖవర్చస్సు గురించి నేను నిర్ధారించుకున్న సంగతి ఇక్కడ మళ్ళీ ఎత్తను.)

మూడో ఊరు మెట్ట కింద ఉంది. మెట్ట మీద నిలబడితే ఇళ్ళముందు జనం కదులుతూ కనబడుతున్నారు. వాళ్ళు పరుగెత్తితే ఆ ఏడాది పుట్టిన పిల్లలకి టీకా లేదు. ఎండాకాలం ముందుంది, అమ్మవారు తిరిగే కాలం. ఏం చేయాలో నాకు తోచింది. మునుపు ఐదు నెలలు కుంటు దాచటానికి పడిన పాట్లన్నీ పడి, ఇప్పుడు పది మంది చూసేలా కుంటటం మొదలెట్టాను. బాగానే కుంటుతున్నానని నా నమ్మకం. చెయ్యి కూడా మోకాలిమీద ఆనించాను. నాలుగు అడుగులు వేశానో లేదో, వెనకనుంచి తాత నెమ్మదిగా అన్నాడు.

"బాబూ, ఆ కాలు కాదు. ఎడం కాలు."

కాలు మార్చుకున్నాను. కింద ఎవరో చెయ్యెత్తి ఊపారు. పిల్లలు ఎదురొచ్చారు.

ఆ కొండల్లో తొమ్మిదేళ్ళు కుంటుతూ తిరిగాను, చాలావరకు వేషంగానే. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పొద్దున్నే మంచం దిగితే ఎడమ మడమలో మేకు, కుడి మోకాలిలో ఇంకొకటి. నడక మానవద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి గోడ పట్టుకుని నా వంద అడుగులూ వేస్తుంటాను. రెండు వైపులా సమానంగా కుంటుతాను కాబట్టి, ఏ కాలితో కుంటాలో ఎవరూ వెనకనుంచి నాకు చెప్పవలసిన పని లేదు. చెప్పే మనిషి కూడా లేడు.